‘మిమ్మల్ని ఎక్కడో చూశానండీ’

విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, జూన్ వస్తే కాలేజీ అప్లికేషన్లకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, మిగిలిన రోజుల్లో అన్నప్రాశనలు, పెన్షనర్ల ఫోటోలు, ఇదీ నా వ్యాపారం. వీటితో పాటు మరో రకం గిరాకీ కూడా పదమూడేళ్ళుగా ఏ నెలా తప్పకుండా నా మెట్లెక్కుతోంది. సినిమాల్లో వేషాల కోసం ప్రొఫైల్ ఫోటోలు తీయించుకోవాలని వచ్చే కుర్రాళ్ళూ అమ్మాయిలూ వాళ్ళు. ఊళ్ళో వాళ్ళే కాదు, గుంటూరు, తెనాలి, మంగళగిరి, నూజివీడు, సత్తెనపల్లి వైపు నుంచి బస్సు దిగి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. చేతిలో ఒక సంచి, అందులో ఇస్త్రీ నలగకుండా మడత పెట్టిన నాలుగు చొక్కాలు, బావగారి రిసెప్షన్ నాటి కోటు ఒకటి, పక్కన ఆ సంచి మోయడానికి ఒక స్నేహితుడు. ‘అన్నా, ఒకటి మాస్‌గా, ఒకటి క్లాస్‌గా, ఒకటి విలేజ్ లుక్‌లో కావాలి’ అని అడుగుతారు. మూడు లుక్కులకు కలిపి నేను ఆరు వేలు తీసుకుంటాను. పంచె కట్టుకోవడం రానివాళ్ళకు నేనే కట్టి పెడతాను.

ఆ ఆరు వేలు నా గల్లాపెట్టెలో పడుతున్నాయి కనుక ఈ విషయంలో ఎవరికీ బుద్ధులు చెప్పే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. కాని లైట్లు సర్దుకుంటూ వాళ్ళ కబుర్లు వింటున్నప్పుడల్లా చెప్పాలనిపించి, బేరం చెడుతుందేమోనని మింగేసిన మాట ఒకటుంది. అది రాద్దామనే ఈ ప్రయత్నం.

నేను కూడా ఒకప్పుడు ఆ సంచి పట్టుకొని తిరిగినవాణ్ణే. 2001 వేసవిలో డిగ్రీ ఆఖరి పరీక్ష రాసిన వారానికి శాతవాహన ఎక్కి సికింద్రాబాదులో దిగాను. అంతకు ముందు ఏడాదే ‘చిత్రం’ వచ్చింది. హీరో కొత్తవాడు, హీరోయిన్ కొత్తది, పెట్టుబడి తక్కువ, ఆట మాత్రం రోజుల తరబడి నిండిపోయింది. ఆ ఒక్క సినిమా మా తరంలో ఎంతమందిని రైలెక్కించిందో లెక్క తేలదు. కృష్ణానగర్‌లో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. అందులో నలుగురి జుట్టు ఉదయ్ కిరణ్ జుట్టు లాగానే ఉండేది. నాది కూడా అంతే. గదికి అద్దె పదిహేను వందలు, నీళ్ళు రోజు విడిచి రోజు, బయటికి వెళ్ళడానికి ఆరుగురికీ కలిపి పనికొచ్చే మంచి బూట్ల జత ఒకటి. ఎవరికి ఆఫీసు నుంచి కబురు వస్తే ఆ రోజు ఆ బూట్లు వాడివి. నా కాలికి అవి ఒక సైజు చిన్నవి.

ఆ రోజుల్లో వాట్సాప్ లేదు. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్ద సైజులో ప్రింట్లు వేయించుకొని, వెనకాల పేరు, ఎత్తు, ఫోన్ నంబరు (పక్కింటి కిరాణా కొట్టుది) రాసి, ఆఫీసు ఆఫీసుకూ తిరిగి ఇచ్చి వచ్చేవాళ్ళం. ఒక ఆఫీసులో మేనేజరు నా ఫోటో తీసుకొని, నేనింకా గుమ్మం దాటకముందే, దాని మీద టీ గ్లాసు పెట్టాడు. పొద్దున్నే ఇందిరానగర్ గడ్డ మీద నిలబడితే జూనియర్ ఆర్టిస్టు ఏజెంట్లు వ్యాన్లలో ఎక్కించుకొని వెళ్ళేవారు. అన్నం పెడతారు, సాయంత్రానికి నాలుగు డబ్బులు చేతిలో పడతాయి. కాని ఒకసారి గుంపులో నిలబడ్డవాడికి మళ్ళీ డైలాగున్న క్యారెక్టరు ఎవరూ ఇవ్వరని సీనియర్లు భయపెట్టేవారు. ఆకలేసినప్పుడు వ్యానెక్కడం, మర్నాడు ఎందుకెక్కామా అని కుమిలిపోవడం, ఇలా రెండేళ్ళు గడిచాయి.

2003లో నాకు ఒక డైలీ సీరియల్‌లో విలన్ స్నేహితుడి వేషం దొరికింది. మొత్తం పదకొండు ఎపిసోడ్లలో కనిపించాను. అందులో ఆరింటిలో కారు తలుపు తీసి పట్టుకోవడమే నా పని. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు బెంజి సర్కిల్ దగ్గర బండి మీద చెరకురసం తాగి డబ్బులివ్వబోతే, బండాయన నా ముఖంలోకి తేరిపార చూసి, ‘మిమ్మల్ని ఎక్కడో చూశానండీ... ఆ, టీవీలో! మీ దగ్గర డబ్బులేంటండీ’ అని తీసుకోవడానికి ఒప్పుకోలేదు. చుట్టూ ఉన్న నలుగురూ తిరిగి చూశారు. అప్పటికి మా నాన్నగారు నాకు ఒక ఫైనాన్స్ కంపెనీలో గుమాస్తా ఉద్యోగం మాట్లాడి ఉంచారు. పండగ వెళ్ళాక చేరతానని నేనూ మాటిచ్చాను. చేరలేదు. ఆ గ్లాసు చెరకురసానికి మరో రెండేళ్ళు చెల్లించుకున్నాను.

ఊరికి దూరమై, డబ్బు లేక, పస్తులుండి వెనక్కి వచ్చినవాళ్ళ కథలు అందరికీ తెలుసు. ఆ కష్టం కష్టమే, కాదనను. కాని ఏ అవకాశమూ రానివాడు ఏడాదికో రెండేళ్ళకో విసిగి రైలెక్కుతాడు, అమ్మ చేతి అన్నం తింటాడు, ఏదో ఒక పని చూసుకుంటాడు. మా గదిలో అలా త్వరగా తిరిగి వెళ్ళినవాడు ఇప్పుడు గుడివాడ దగ్గర చేపల చెరువులు చేస్తున్నాడు, మా అందరికన్నా నిమ్మళంగా ఉన్నాడు. చిక్కంతా ఆ పదకొండు ఎపిసోడ్లు దొరికినవాడిది. వాడి ముఖం లోకానికి తెలుస్తుంది, పేరు తెలియదు. వీధిలో నలుగురు గుర్తుపడతారు, ఆఫీసులో ఒక్కడూ గుర్తుపెట్టుకోడు. ఎదుటివాడు ‘ఎక్కడో చూశాను’ అన్నప్పుడు ఆ ‘ఎక్కడో’ దగ్గర ఆగి, సినిమా పేరు తనే చెప్పి, సీను కూడా తనే గుర్తు చేసి, చివరికి ‘ఆఁ ఆఁ, అవునవును’ అనిపించుకొని సంతోషపడే స్థితి అది. అందులో ఒక మత్తుంది. తాగినవాణ్ణి గనుక చెబుతున్నాను.

నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో చాలామందికి నోటికి వచ్చిన కథ ఒకటుంది. రామారావు గారు గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి, మూడు వారాలకే దాన్ని వదిలేసి మద్రాసు వెళ్ళారు కదా అన్నా అంటారు. ఇంట్లో నాన్నతో గొడవ పడి వచ్చినవాడు ఈ కథను మరీ గట్టిగా చెబుతాడు. నిజమే, వదిలేశారు. కాని ఆయన వదిలేయడానికి పరీక్ష రాసి సంపాదించుకున్న ఉద్యోగం ఒకటి ఉంది. దానికి ముందు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలోనూ గుంటూరు ఏ.సి. కాలేజీలోనూ చదువుకుంటూ నాటకాలాడిన అనుభవం ఉంది. అయినా 1949లో ‘మనదేశం’లో తొలిసారి తెర మీద కనిపించినప్పుడు వేసింది ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం. కథలో రాజీనామా ముక్క ఒక్కటే వీళ్ళకు కావాలి, ముందుదీ వద్దు, వెనకదీ వద్దు.

మా స్టూడియో గోడ మీద సావిత్రి గారి నలుపు తెలుపు ఫోటో ఒకటుంది. ఈ స్టూడియో నాకు అప్పగించిన పెద్దాయన పెట్టుకున్నది, నేనూ తీయలేదు. ఫోటోలు దిగి వెళ్ళేముందు దానికి దణ్ణం పెట్టుకొనే అమ్మాయిలున్నారు. ఆమెది కృష్ణకు అవతలి ఒడ్డున తాడేపల్లి పక్కనున్న చిర్రావూరు. విజయవాడలో నాట్యం నేర్చుకున్నారు, నాటకాలాడారు, మద్రాసు వెళ్ళారు. 2018లో ఆమె జీవితం సినిమాగా వచ్చాక ఆ కథ పిల్లలందరికీ తెలిసింది. అప్పట్లో ఆరేడు నెలలు నేను తీసిన అమ్మాయిల ఫోటోలన్నీ పెద్ద బొట్టుతో, చెవి పక్కన పూలతో ఉన్నవే. 1953 నాటి దేవదాసూ, 1955 నాటి మిస్సమ్మా వాళ్ళకు తెలుసు. 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూయడమూ తెలుసు. 1938లో మాలపిల్లగా తెలుగుదేశాన్ని ఊపేసిన కాంచనమాల గారు 1942లో బాలనాగమ్మ తర్వాత మనసు చెదిరి వెలుగుకు దూరమై, అదే 1981లో పోయారని చెబితే మాత్రం ‘ఆవిడెవరన్నా’ అంటారు. ఎంత పెద్ద పేరుకైనా అంతే సుమా అని నాలో నేను అనుకొని, లైటు స్టాండు జరుపుతాను.

ఇక్కడ నాకొక సందేహం కూడా వస్తుంది. అంత ఎత్తు నుంచి పడినవాళ్ళను చూపించి ఈ పిల్లలను భయపెట్టాలనుకుంటాం గాని, వాళ్ళు భయపడరు. ఆ పడడం కూడా వాళ్ళకు గొప్పగానే కనిపిస్తుంది. పడితే అలా పడాలి అనిపిస్తుంది కాబోలు. 2014 జనవరి 5 అర్ధరాత్రి దాటాక మా పాత గదివాడు ఒకడు ఫోన్ చేశాడు. ఉదయ్ కిరణ్ పోయాడని చెప్పాడు. ముప్పై మూడేళ్ళు. ఆయన మనసులో ఏముందో ఊహించే హక్కు నాకు లేదు, ఊహించిన వాళ్ళ రాతలు చదవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. మేమిద్దరం ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. చివరికి వాడే ‘మనందరం ఆయన జుట్టే కదరా పెంచింది’ అన్నాడు.

మోసాల గురించి ఎక్కువ రాయను. రిజిస్ట్రేషన్ ఫీజనీ, స్క్రీన్ టెస్టు ఖర్చనీ, హీరో పక్కన రెండో హీరో వేషానికి ఐదు లక్షలనీ అడిగేవాళ్ళు ఇరవై ఏళ్ళ కిందటా ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అప్పుడు లాడ్జీ గదిలో బోర్డు పెట్టేవారు, ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో కాస్టింగ్ కాల్ అని పోస్టరు పెడుతున్నారు. వేషం ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి గాని మన దగ్గర తీసుకోడన్న చిన్న లెక్క, ఆశ ముందు నిలవదు. పల్నాడు వైపు ఒక రైతు కొడుకును హీరోగా పెట్టి సినిమా తీయడానికి ముప్పావు ఎకరం అమ్మాడు. పోస్టరు ఫోటోలు నేనే తీశాను. సినిమా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. థియేటరు అద్దె, డిజిటల్ ప్రొజెక్షన్‌కు వారానికింతని కట్టవలసిన డబ్బు, పబ్లిసిటీ, ఇవన్నీ సినిమా తీయడం అయిపోయాక మొదలయ్యే ఖర్చులని ఆయనకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు.

అమ్మాయిల సంగతి వేరు, వాళ్ళకు ఈ సగం పేరు మరీ కత్తి మీద సాము. గుంటూరు కొత్తపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి టిక్‌టాక్‌లో డైలాగులు చెప్పి లక్షల్లో అభిమానులను సంపాదించుకుంది. బి.కాం. చదువుతోంది, ముఖంలో మంచి చురుకు, కనుబొమ్మతో ఒక మాట చెప్పగలదు. రెండు సినిమా ఆఫీసుల నుంచి పిలుపు వచ్చిందని ఫోటోలు తీయించుకుంది. అందులో ఒకటి ఎంత బాగా వచ్చిందంటే, ఆమెనూ వాళ్ళమ్మగారినీ అడిగి, పెద్దది చేయించి మా షోకేసులో పెట్టుకున్నాను. తర్వాత కరోనా వచ్చింది, షూటింగులు ఆగాయి, 2020 జూన్ 29న టిక్‌టాక్‌నే ప్రభుత్వం నిషేధించింది. ఒక్క రాత్రిలో ఆ లక్షలమందీ లేరు. ఉన్నదల్లా, ఆమె వీడియోలు దింపుకొని పెట్టుకున్న ఎవరెవరో వాటికి పాడు మాటలు తగిలించి వేరే చోట్ల పెట్టినవి. పేరు వల్ల రావలసిన మంచి పోయింది, రావలసిన చెడు మాత్రం మిగిలింది.

రెండేళ్ళ తర్వాత వాళ్ళమ్మగారు ఒక్కరే వచ్చారు. షోకేసు ముందు నిలబడి, లోపలికి రావడానికి కాసేపు తటపటాయించారు. ‘తమ్ముడూ, ఏమీ అనుకోకు. ఎల్లుండి పెళ్ళివాళ్ళు వస్తున్నారు, బట్టలకు వాళ్ళు గవర్నర్‌పేట వస్తారంట. ఆ ఫోటో తీసెయ్యి నాయనా’ అన్నారు. తీసి ఇచ్చాను. ఆమె దాన్ని చీర చెంగులో చుట్టుకున్నారు. షోకేసు లోపల వేసిన ఎర్ర మఖమలు గుడ్డ నాలుగేళ్ళ ఎండకు వెలిసిపోయింది గాని, ఫోటో ఉన్నంత మేర నలుచదరంగా కొత్త ఎరుపు అలాగే ఉంది. దాని మీద వేరే ఫోటో ఏది పెట్టినా సైజు కుదరలేదు. చివరికి గుడ్డే మార్చాను.

ఎవరైనా నన్ను నిజంగా సలహా అడిగితే, గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో నాటకం ఉన్న రోజు చూసి రమ్మని పంపుతాను. గుంటూరు వాళ్ళయితే వేంకటేశ్వర విజ్ఞాన మందిరానికి వెళ్ళమంటాను. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మన తెనాలిలోనే. ఈనాటికీ పరిషత్తు పోటీలకు తిరిగే నటుల్లో బ్యాంకు ఉద్యోగులు, బడి పంతుళ్ళు, ఆర్టీసీ వాళ్ళు ఉన్నారు. నాకు తెలిసిన ఒక కండక్టరు గారు డ్యూటీ దిగి, రిహార్సల్‌కు వెళ్ళి, అర్ధరాత్రి ఇంటికి చేరి, తెల్లవారి మళ్ళీ టిక్కెట్లు కొట్టేవారు. ఆయన నటన చూసి నేను ఏడ్చిన రోజులున్నాయి. పిల్లలు వెళ్ళి చూసి వచ్చి, ‘బాగుందన్నా, కాని జనం యాభై మందే ఉన్నారు’ అంటారు. వాళ్ళను తప్పుపట్టను. నేను ఇరవై రెండేళ్ళ వయసులో అసలు వెళ్ళనేలేదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నవాడి దగ్గరికి వస్తాను. తెనాలి దగ్గర పల్లెటూరు వాడిది, తండ్రి రైసు మిల్లులో గుమాస్తా. డిప్లొమా చదివి, బీసెంట్ రోడ్డులో ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తూ, ఆదివారాలు స్నేహితులతో షార్ట్ ఫిల్ములు తీసేవాడు. షాపు మూశాక రాత్రి తొమ్మిదింటికి వచ్చి నా దగ్గర ఫోటోలు తీయించుకున్నాడు. కూర్చోగానే వెలుగు ఎటు వైపు నుంచి పడుతోందో ముఖంతోనే వెతుక్కొనేవాడు, అది నేర్పితే వచ్చేది కాదు. ఆడిషన్‌కు వెళ్ళాడు, ఎంపికయ్యాడు. హీరో స్నేహితుల్లో మూడోవాడి వేషం. పన్నెండు రోజులు పని, రోజుకు పదిహేను వందలన్నారు. ఎనిమిది వేలు చేతికిచ్చారు, మిగిలిన పదివేలకు ఎనిమిది నెలలు తిరిగాడు.

సినిమా ఆడలేదు. కాని అందులో హీరో చేత చెంపదెబ్బ తిని ఇతను ఏడుపు ముఖంతో అనే ఒక చిన్న మాట పట్టుకొని జనం మీమ్స్ చేశారు. ఆ ముఖం కొన్నాళ్ళు తెలుగువాళ్ళ ఫోన్లన్నిటిలోనూ తిరిగింది. క్రికెట్ ఓడిపోతే అదే ముఖం, పరీక్ష పోతే అదే ముఖం. దాని వల్ల అతనికి ఒక్క రూపాయి రాలేదు, రాదు కూడా. తర్వాత వచ్చిన మూడు వేషాలూ చెంపదెబ్బ తినేవే. నాలుగోది ఇక రాలేదు. రెండేళ్ళు కృష్ణానగర్‌లో ఉండి, చెల్లెలి పెళ్ళి అప్పు నెత్తిన పడ్డాక వెనక్కి వచ్చాడు.

పాత షాపు యజమాని మంచివాడే, మళ్ళీ పెట్టుకున్నాడు. మొదటి మూడు రోజులు షాపు కిటకిటలాడింది. వచ్చినవాళ్ళంతా సెల్ఫీ దిగి, అతన్ని ఆ ఏడుపు ముఖం పెట్టమని అడిగి, టెంపర్డ్ గ్లాసు ముక్కైనా కొనకుండా వెళ్ళిపోయారు. నాలుగో రోజు యజమాని, ‘ఒరేయ్, నువ్వు ఆర్టిస్టువి అయిపోయావు, ఈ కౌంటరు నీకు సరిపోదురా’ అని నవ్వుతూ పంపించేశాడు. అప్పుడు అతను ఫుడ్ డెలివరీలో చేరాడు. హెల్మెట్ ఉంటుంది గదా అని చేరాడు. ముఖమంతా కప్పేది, నల్ల అద్దమున్నది, పద్దెనిమిది వందలు పెట్టి కొన్నాడు. లిఫ్టులో కూడా తీసేవాడు కాదు. మే నెల విజయవాడ ఎండలో, నలభై దాటిన వేడిలో, నాలుగో అంతస్తు గుమ్మం ముందు హెల్మెట్‌తో నిలబడి బిర్యానీ పొట్లం అందించేవాడు.

పటమటలో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్, సీసీ కెమెరాలో ముఖం పడాలి, హెల్మెట్ తీస్తేగాని పైకి పంపనన్నాడు. తీశాడు. లిఫ్టులో ఇద్దరు ఇంటర్ పిల్లలు ఉన్నారు. వాళ్ళు తీసిన వీడియో పదిహేడు సెకన్లది. ‘సినిమా వాళ్ళ బతుకులు ఇంతే ఫ్రెండ్స్’ అని పైన రాసి, వెనకాల విషాద సంగీతం పెట్టారు. చెంపదెబ్బ సీను కన్నా దాన్ని ఎక్కువమంది చూశారు. వాళ్ళమ్మగారికి పక్కింటావిడ తన ఫోన్లో చూపించింది.

ఆ రాత్రి అతను స్టూడియోకి వచ్చి, షట్టరు సగం దించిన తర్వాత కూడా చాలాసేపు కూర్చున్నాడు. నేను ఓదార్చబోయి, చాలామంది మంచిగానే రాశారు కదరా, కష్టపడి బతుకుతున్నాడు గ్రేట్ అన్నారు కదా అన్నాను.

‘తిట్టినవాళ్ళతో పేచీ లేదన్నా. ఆ గ్రేట్ అన్నవాళ్ళే నన్ను చంపేశారు. మా హబ్బులో ముప్పై మందిమి ఉన్నాం. ఒకడికి ఇద్దరు పిల్లలు, ఒకాయనకు యాభై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పి. వాళ్ళని ఎవడూ గ్రేట్ అనలేదే. నేను చేస్తేనే అదేదో శిక్ష పడ్డట్టు ఎందుకంటారు? ఇప్పుడు మా వాళ్ళు కూడా నాతో మామూలుగా మాట్లాడట్లేదు’ అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఫోటోలు తీసింది నేనే. నాకు చెరకురసం ఇచ్చినాయన కూడా మంచివాడే.

ఈ మధ్య, మొన్న శ్రావణంలో, మళ్ళీ వచ్చాడు. గన్నవరం వైపు ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు ఉద్యోగం, అప్లికేషనుకూ గుర్తింపు కార్డుకూ ఫోటోలు కావాలన్నాడు. గడ్డం తీసేశాడు. స్టూలు మీద కూర్చోబెట్టి తెల్ల తెర దించాను. లైటు వేయగానే అతని గడ్డం తనంతట తాను ఎడమ పక్కకు రవ్వంత తిరిగింది, కళ్ళు కెమెరాకు కాస్త పైన నిలిచాయి. అది నేను ఆరు వేలు తీసుకొని మెచ్చుకున్న భంగిమే.

‘తిన్నగా చూడరా. రెండు చెవులూ కనబడాలి’ అన్నాను.

తిన్నగా చూశాడు. క్లిక్ చేసే లోపల మళ్ళీ తిరిగాడు. రెండోసారి నవ్వొచ్చింది ఇద్దరికీ. మూడోసారి నవ్వు ఆపుకోవడానికి అతను పెదవులు బిగిస్తే, ఆ మీమ్‌లోని ఏడుపు ముఖం వచ్చింది. అది అతనికీ తెలిసింది, కళ్ళు దించుకున్నాడు. నేను సాఫ్ట్‌బాక్సు ఆర్పేసి, ట్యూబులైట్లు వేసి, దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో తల పట్టుకొని తిన్నగా నిలబెట్టాను. ఊపిరి వదలమన్నాను. నాలుగోసారి వచ్చింది. ఏ భావమూ లేని ఒక మామూలు ముఖం, ఏ ఆఫీసు ఫైలులోనైనా ఉండే ముఖం.

ఎనిమిది కాపీలు ప్రింటు తీసి, కట్టరు మీద కోసి, చిన్న కవరులో వేసి ఇచ్చాను. వంద రూపాయలు. ఇన్నేళ్ళలో పాస్‌పోర్టు ఫోటోలకు అతని దగ్గర ఎన్నడూ డబ్బు తీసుకోలేదు, అలవాటుగా అతను జేబులోంచి పర్సు సగం తీసి ఆగాడు. నేను చెయ్యి చాపే ఉంచాను. ఐదు వందల నోటు ఇచ్చాడు. నాలుగు వందలు లెక్కపెట్టి తిరిగి ఇచ్చాను.

అతను మెట్లు దిగుతుంటే, పెన్షను ఫోటో కోసం బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకొని చూసింది.

‘బాబూ, ఈ అబ్బాయిని ఎక్కడో చూశాను.’

‘బీసెంట్ రోడ్డులో సెల్‌ఫోన్ల షాపులో చూసుంటారమ్మా’ అని, ఆమెను వచ్చి స్టూలు మీద కూర్చోమన్నాను.